కళ్లలో మంచు

నా చిన్నప్పుడు మంచుకు మాకు రెండు మాటలుండేవి. బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వీధిలో అది బెంగాలీలో కుయాషా, ఇంట్లో తెలుగులో మంచు. మా నాన్న అక్కడ రైల్వేలో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాతయ్య, నానమ్మ మాతోనే ఉండేవారు. చలికాలం పొద్దున్నే ఝీలు అని పిలిచే పెద్ద చెరువు మీద లేచిన మంచు మా వరండా దాకా పాకేది. నాకు తెలిసిన మంచు అదొక్కటే.

అందుకే నానమ్మ మాట నాకు అబద్ధంలా తోచింది. ఎండ కాస్తున్న మధ్యాహ్నం కూడా, "కళ్లకి మంచు కమ్మేసిందే గుంటా, ఏటీ అగపడ్డం నేదు" అనేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆమె కళ్లలోకి తొంగి చూస్తే మంచేమీ లేదు. సూదిలో దారం ఎక్కించమని నన్ను ఆటలోంచి పిలవడానికి ఆడే నాటకమనుకున్నాను.

ఒక సాయంత్రం ఆమె బొగ్గుల కుంపటి పక్కన కూర్చోబోతుంటే పీట లాగేశాను. చూపుంటే చూసుకుంటుంది కదా అనుకున్నాను. నానమ్మ పక్కకు ఒరిగిపోయింది. ఆసరా కోసం చాపిన చెయ్యి నిప్పుల మీద పడింది. ఆమె కేక పెట్టేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆ రాత్రి తాతయ్యే నానమ్మ చేతికి కట్టు కట్టాడు. మర్నాడు తెల్లవారగానే, "రాయే, మంచంటే ఏటో సూపిత్తాను" అని ఝీలు గట్టుకు తీసుకెళ్లాడు. చాపిన నా చెయ్యి నాకే కనబడనంత దట్టంగా ఉంది మంచు. గట్టు మధ్యలో నా చెయ్యి వదిలేశాడు.

తాతయ్యా అని పిలిచాను. పలకలేదు. యార్డులో ఇంజన్ కూత ఎటునుంచి వస్తోందో తెలియలేదు. రెండడుగులు వేసేసరికి కాలు జారి మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాను. ఏడ్చాను, వేడుకున్నాను. అప్పుడు పక్కనే, చేతికందేంత దూరంలో, తాతయ్య దగ్గు వినిపించింది. నన్ను వదిలి వెళ్లలేదు. నిలబడి వింటున్నాడు. మళ్లీ పిలిచాను. అయినా పలకలేదు.

నా గొంతు పోయాక పైకి లాగి, "ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు.

ఇంటికి రాగానే నానమ్మ, కట్టు కట్టని చేత్తో నా కాళ్లు తడిమింది. బురద ఎక్కడిదని అడిగింది. నేను వెక్కుతూ అంతా చెప్పాను. ఆమె తాతయ్య ఉన్న వైపు తిరిగి, "దానికి తెలీక సేసింది. నీకు తెలిసే సేసినావు" అంది. తాతయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నానమ్మ వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. ఆమె పోయేదాకా దారం నేనే ఎక్కించాను. తాతయ్యతో మాత్రం మునుపటిలా ఉండలేకపోయాను. ఈనాటికీ చూపు ఆనని వాళ్లున్న గదిలోకి వెళితే గుమ్మంలోనే నా పేరు చెబుతాను. ఎవరైనా పిలుస్తుంటే, నాకెంత కోపంగా ఉన్నా, పలక్కుండా ఉండలేను.