లెక్కల మేడమ్ ఓటు

ముప్పై ఏళ్ల సర్వీసులో లెక్కల మేడమ్ ఏడు ఎన్నికలకు డ్యూటీ చేసింది. అందులో ఆరుసార్లు తన ఓటు వేయలేకపోయింది. ఎక్కడో పాతిక మైళ్ల అవతల ఊరందరి వేళ్లకూ సిరా పూసి ఇంటికి వచ్చేసరికి తన బూత్‌కి తాళం పడేది. డ్యూటీలో ఉన్నవాళ్లు కవరులో పెట్టి ముందే ఓటు వేయొచ్చని రూలు ఉంది. కానీ ఆ ఓటు కాగితం ఒకసారి ఫలితాలు వచ్చిన వారానికి చేరింది, ఇంకోసారి వేరెవరి పేరుతోనో వచ్చింది. మిగతా నాలుగుసార్లు అసలు రానేలేదు.

భర్తది వాచీలు బాగుచేసే చిన్న కొట్టు. ప్రతి ఎన్నికకూ సిరా వేలు ఆమె ముఖం ముందు ఆడించి, "మనింటి తరఫున దేశాన్ని నేనొక్కణ్ణే మోస్తున్నా" అనేవాడు. ఆయన ఓటు ఎప్పుడూ పాత ఎంపీకే. ఎందుకని అడిగితే "అలవాటైన మనిషి" అనేవాడు.

ఈసారి మేడమ్ పట్టుబట్టింది. పాత ఎంపీ మీద పోటీకి లాయరమ్మ నిలబడింది. స్కూలు ముందున్న సందులో లారీలు తిరగకుండా ఆపడానికి పైసా పుచ్చుకోకుండా రెండేళ్లు కోర్టు మెట్లెక్కిన మనిషి ఆవిడ. ఓటు కాగితం కోసం మేడమ్ మూడు దరఖాస్తులు పెట్టింది, ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. చివరికి పోలింగుకు ముందు రోజు, ట్రైనింగు సెంటర్లో, ఆ కాగితం ఆమె చేతికొచ్చింది.

ఓటు వేసి కవరులో పెట్టి, పైన ఒక ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రం మీద అక్కడ కూర్చున్న ఆఫీసరు సంతకం చేసి సీలు వేయాలి. ఆయన గబగబా సంతకాలు గీకేస్తున్నాడు తప్ప సీలు జోలికి పోవడం లేదు.

"సీలు వెయ్యలేదండీ," అంది మేడమ్.

"సీలు బీరువాలో ఉందమ్మా, తాళం తెచ్చే మనిషి భోజనానికి వెళ్లాడు. బాక్సులో వేసేముందు మేమే వేసుకుంటాంలెండి."

బయట బస్సు హారన్ కొడుతోంది. పోలింగు సామాన్లతో అందరూ ఎక్కేశారు. యూనిట్లు రాయకపోతే పిల్లలకు అర మార్కు కోసే మనిషి, ఆ ఒక్కరోజుకి సరేలెమ్మని కవరు ఇచ్చేసి పరుగెత్తింది.

లెక్కింపు ఇండోర్ స్టేడియంలో జరిగింది. మేడమ్‌కీ, అదే స్కూల్లో పనిచేసే డ్రిల్లు మాస్టారికీ కలిపి ఆరో టేబులు పడింది. అక్కడ లెక్కపెట్టాల్సినవి డ్యూటీవాళ్ల కవర్లే. మొదటి కట్ట విప్పి ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అన్నిటిమీదా ఆ ఆఫీసరు గీకిన సంతకమే, ఒక్కదానిమీదా సీలు లేదు.

పాత ఎంపీ ఏజెంటు అప్పటికే చెయ్యెత్తాడు. లాయరమ్మ ఏజెంటు వాదనకు దిగాడు. లెక్కింపు చూసే పెద్దాఫీసరు రూలు పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"సంతకం ఉంది కదండీ," అంది మేడమ్.

"ఉంది. కానీ ఇందులో 'సంతకమూ, సీలూ' అని ఉంది మేడమ్. 'సంతకమో, సీలో' అని లేదు."

"వెయ్యాల్సింది మీవాళ్లే. మేం అడిగాం కూడా."

"అది వేరే విషయం. దానికి విడిగా ఫిర్యాదు పెట్టుకోండి. ఇవి చెల్లవు, పక్కన పెట్టండి."

ఆయన చెప్పింది తప్పని ఆమె అనలేకపోయింది. అదే ఎక్కువ మండించింది. ఒక్కొక్కదాని మీది పేరు చదివి పక్క ట్రేలో వేస్తూ పోయింది. సైన్సు మాస్టారిది, హెడ్మాస్టరుది, ఆఫీసు గుమాస్తాది. ఆ తర్వాత తనది వచ్చింది. డ్రిల్లు మాస్టారు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి మేడమ్, నేను వేస్తాను."

"మీదీ ఇందులోనే ఉంటుంది, మీరు దాన్ని చూసుకోండి," అని తన కవరు తనే వేసింది.

అలా చెల్లకుండా పోయినవి మూడు వందల నలభై. సాయంత్రానికి పాత ఎంపీ రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచాడు. మేడమ్ చేతిలోని కాగితం వెనక లెక్క వేసింది. ఆ కవర్లలో రెండు వందల డెబ్బై ఏడైనా లాయరమ్మవి అయ్యుంటే ఫలితం తిరగబడేది. అన్ని ఉన్నాయో లేవో ఎవరూ చెప్పలేరు. విప్పితే తెలుస్తుంది, విప్పడానికి లేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త టీవీ ముందు ఉన్నాడు. మూడు వందల సీట్ల పార్లమెంటులో పాత ఎంపీ ఉన్న పాలక పార్టీకి నూట యాభై రెండు వచ్చాయి. జరిగిందంతా విని ఆయన టీవీ కట్టేశాడు.

"మన సీటు పోయినా వాళ్లకి నూట యాభై ఒకటి ఉండేవి. ప్రభుత్వం వాళ్లదే," అన్నాడు ఓదార్పుగా.

"లెక్కలు నాకు చెప్పకండి," అంది మేడమ్. "ప్రభుత్వం గురించి కాదు నేను అడిగేది. ఆరుసార్లు ఓటే వెయ్యనివ్వలేదు. ఏడోసారి వేయించుకుని, నా చేత్తోనే అవతల పారేయించారు."

మర్నాడు ఆయన కొట్టు తెరవలేదు. స్కూటరు మీద ఆమెను ఎన్నికల ఆఫీసుకు తీసుకెళ్లాడు. "గెలిచింది నేను వేసిన మనిషే. అయినా నీ ఓటు నీకుండాలి," అని మాత్రం అన్నాడు. గుమాస్తా ఫిర్యాదు కాగితం అటూ ఇటూ తిప్పి, కేసు వేయాల్సింది అభ్యర్థి గానీ ఓటరు కాదని తిప్పి పంపాడు. అక్కణ్ణుంచి ఇద్దరూ లాయరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ నిజం దాచలేదు.

"వేస్తానండీ. కానీ ఇలాంటి కేసు తేలడానికి నాలుగేళ్లు పడుతుంది. పార్లమెంటు ఉండేదే ఐదేళ్లు."

"వెయ్యండి. నేను సాక్ష్యం చెప్తాను," అంది మేడమ్.

తోటివాళ్ల సంతకాల కోసం స్కూలు స్కూలుకూ తిరిగింది. మూడు వందల నలభై మందిలో సంతకం పెట్టినవాళ్లు పదకొండు మంది. కొందరు ప్రమోషన్ అన్నారు, కొందరు బదిలీ అన్నారు. హెడ్మాస్టరు అయితే "ఇప్పుడెందుకమ్మా, అయిపోయిందిగా" అని నీళ్లు నమిలాడు. డ్రిల్లు మాస్టారు మాత్రం పెన్ను అడిగి మరీ పెట్టాడు.

రెండు నెలలకు ఎన్నికల ఆఫీసు నుంచి అన్ని స్కూళ్లకూ ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట సీలు పడిందో లేదో చూసుకునే బాధ్యత ఓటు వేసే ఉద్యోగిదేనట. స్టాఫ్ రూములో దాన్ని పైకి చదివి వినిపించిన సైన్సు మాస్టారు నవ్వాడు. మేడమ్‌కి నవ్వు రాలేదు. ఆ కాగితం నకలు ఒకటి తీసుకుని, 'ఇకమీదట' అన్న మాట కింద గీత గీసి లాయరమ్మకు పంపింది.

కేసు మొదటి వాయిదాకు సగం రోజు సెలవు పెట్టి కోర్టుకు వెళ్లింది. వరండాలో బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. పాత ఎంపీ తరఫు వకీలు గడువు అడిగాడు, జడ్జి ఇచ్చాడు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాతి వాయిదా ఐదు నెలల తర్వాత. మేడమ్ ఆ తేదీ డైరీలో రాసుకుని, మధ్యాహ్నం మొదటి పీరియడుకు స్కూలు చేరుకుంది.