కొర్రలు కలిసిన బియ్యం

ఫిబ్రవరి నెలలో ఒక శుక్రవారం ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండులో బేతంచెర్ల బస్సెక్కాను. నేను చేరవలసింది కడప జిల్లాలో వేంపల్లె పక్కనున్న ఒక పల్లె. దారి తెలిసినవాళ్లు నేరుగా కడప బస్సెక్కి, అక్కడ మారి, మధ్యాహ్నం భోజనం వేళకు దిగిపోతారు. నాకు రైలు పిచ్చి. బేతంచెర్లలో ఒక రైలు, నంద్యాలలో ఇంకో రైలు, ఎర్రగుంట్లలో మళ్లీ బస్సు అని కాగితం మీద వేసుకుంటే ముచ్చటగా కనిపించింది. మీరు మాత్రం కడప బస్సే ఎక్కండి.

బయలుదేరడానికి కారణం మా చెల్లెలు కరుణ చేసిన ఫోను.

"అన్నా, ఆదివారం మా సలోమికి బాప్తిస్మం. ఆ పొద్దే బిడ్డ మొదటిసారి బల్ల తీసుకుంటాది. నేనేమో గోడకు ఆనుకొని చూస్తా కూచోవాల్నా?"

బల్ల అంటే ప్రభువు బల్ల, యేసును తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. మా పల్లె సంఘాల్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరితోనైనా మాటలు లేనివాళ్లు ఆ రొట్టె, ఆ రసం ముట్టరు. ఎవరూ అడ్డుపడరు. వాళ్లకై వాళ్లే వెనక్కి జరిగి కూచుంటారు. కరుణకూ, ఆమె తోడికోడలు మార్తమ్మకూ రెండేళ్లుగా మాటలు లేవు. ఇద్దరూ వెనక్కి జరిగి, చెరో గోడకు ఆనుకుని ఉన్నారు. వాళ్ల మొగుళ్లిద్దరూ మాత్రం ఒకే అరుగు మీద కూచుని టీ తాగుతారు.

"నువ్వు వచ్చి మార్తమ్మక్కకు నాలుగు మాటలు చెప్పు. నీ మాట ఎవరైనా వింటారు" అంది కరుణ.

ఆ చివరి మాటకు పడిపోయాను. కర్నూలులో మా సంఘానికి నేనొక పెద్దను. 'అనుదిన జీవితంలో శిష్యత్వం' అనే అంశం మీద ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి మాట్లాడతాను. అనుదినం మాట్లాడటం వల్ల అనుదినం పాటించే తీరిక దొరకదు. ఈమధ్య ప్రార్థన కూడా పళ్లు తోముకోవడంలా తయారైంది. మానలేదు, మనసు పెట్టిందీ లేదు. అయినా ఆ ప్రసంగం కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. షుగరు మాత్రలతో పాటు అవి కూడా ఎప్పుడూ నా వెంట ఉండాల్సిందే.

బేతంచెర్ల చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఊరి మొదట్లోనే పాలిషు మిషన్ల రొద, తెల్లటి దుమ్ము, బండలు ఎత్తుకుని నిలబడ్డ లారీలు. బండ మీద ఇల్లు కట్టుకోమని ప్రభువు చెప్పాడు. ఇక్కడివాళ్లు ఆ బండను కోసి, నునుపు చేసి, ఊరూరికీ పంపుతున్నారు. స్టేషను ఎదురుగా బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నలభై రూపాయలు. బజ్జీ కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈమధ్య నాకు అంత నిజమైన కన్నీళ్లు వచ్చింది అప్పుడే.

తొమ్మిదిన్నరకు రావలసిన రైలు పదింబావుకు వచ్చింది. గుంటకల్లు వైపు నుంచి గుంటూరు పోయే బండి. పెట్టె నిండా కోసిగి వైపు కూలీలు, మిరపకాయలు కోయడానికి పోతున్నవాళ్లు. బిందెలు, దుప్పట్లు, రోకలి, బుట్టలో మూతి కట్టిన కోడి. ఒక పెద్దావిడ తన మూటను ఒడిలోకి లాక్కుని నాకు చోటిచ్చింది.

"ఏ పనిమీద పోతాండావప్పా?"

"మా చెల్లెలికీ, ఆమె తోడికోడలికీ మాటలు లేవు. కలపడానికి పోతున్నా."

ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "దుడ్లు పెట్టుకొని ఇంత దూరం పోతాండావా? మావోళ్లను చూడు. ఆ కిటికీకాడ కూచుండే ఇద్దరూ మొన్నటిదాకా జుట్లు పట్టుకొనిరి. ఈ పొద్దు ఒకే మూట మోస్తాండారు. ఆడ చేన్లో పక్కపక్కనే పొయ్యి పెట్టుకోవాల. ఒకరి పొయ్యి ఆరితే ఇంగొకరి పొయ్యిలో నిప్పు తెచ్చుకోవాల. మాట్లాడకుంటే కూడు యాడిది?"

మూట విప్పి జొన్నరొట్టె ముక్క, కాసింత శనక్కాయల పొడి నా చేతిలో పెట్టింది. తనూ రొట్టె తీసుకుని, కళ్లు మూసి, పెదాలు కదిపి, అప్పుడు తుంచింది. నేను అప్పటికే నములుతున్నాను. గబగబా నమలడం ఆపి కళ్లు మూసుకున్నాను గానీ, నోట్లో రొట్టె పెట్టుకుని ఏమని ప్రార్థిస్తాం? 'ఇదే ప్రార్థన' అనుకుని మింగాను.

నంద్యాలలో దిగి, స్టేషనులో పెరుగన్నం తిని, మధ్యాహ్నం ఎర్రగుంట్ల బండెక్కాను. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు. కిటికీలోంచి శనగ చేలు, నల్లరేగడి, మధ్యలో ఒంటరిగా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. ఎర్రగుంట్ల బస్టాండులో వేంపల్లె బస్సు కోసం నిలబడిందే ఎక్కువ. చివరకు ఆటో దిగి చెల్లెలి ఇంటి గడప తొక్కేసరికి దీపాలు పెట్టే వేళయింది.

సంగటి, వంకాయ పులుసు పెట్టి కరుణ జగడం కథ మొదట్నుంచి చెప్పింది. రెండేళ్ల కిందట కోత పండుగ. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు సంఘం గుడికి తెచ్చారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, శనక్కాయలు, చీనీకాయలనే బత్తాయిలు, పుంజులు, అన్నీ పోయాయి. చివర్లో మార్తమ్మ తెచ్చిన కొర్రల మూట వచ్చింది. ఎవరూ పాడలేదు. ఆ నిశ్శబ్దంలో కరుణ అంది: "కొర్రలను పాడుకునేదెవరు, కోళ్లా?"

గుడంతా నవ్వింది. మార్తమ్మ మూట చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

"నవ్వినోళ్లు ఊరంతా ఉండారు. నేనొక్కదాన్నే ఎందుకు తగ్గాల? నువ్వే అక్కకు చెప్పు, మర్చిపొమ్మని" అంది కరుణ. మా నాయన ఆమెకు కరుణ అని పేరు పెట్టి, మిగతాది దేవునికి వదిలేశాడు.

శనివారం పొద్దున్నే కాగితాలు జేబులో పెట్టుకుని మార్తమ్మ ఇంటికి పోయాను. ఆమె చేనికి పోయిందన్నారు. మధ్యాహ్నం పోతే మేకలకు ఆకు తేవడానికి పోయిందన్నారు. సమాధాన రాయబారానికి వచ్చినవాణ్ణి, సాయంత్రం వరకూ శనక్కాయలు ఒలుస్తూ కూచున్నాను.

సాయంత్రం ఐదింటికి పాస్టరుగారు నాకొక పని అప్పగించారు. ఈ సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, వండే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకొకసారి, బల్ల ఆదివారానికి ముందు రోజు, ఆ పిడికెడు బియ్యం గుడికి చేరుతుంది. దాంతోనే మర్నాడు అందరికీ భోజనం. వచ్చిన చుట్టం ఎవరైనా ఉంటే సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ప్రతి గడప దగ్గరా ప్రార్థన చేసి, బియ్యం పోయించుకు రావాలి. ఆ నెల చుట్టాన్ని నేను.

చివరి ఇల్లు మార్తమ్మది. అప్పటికి సంచి నా భుజాన్ని, ప్రార్థనలు నా గొంతునూ అరగదీశాయి. మార్తమ్మ సన్నగా, నిటారుగా ఉంటుంది. లోపలికి పోయి, గట్టిగా ముడివేసిన గుడ్డసంచి తెచ్చింది.

"ఇది ఇట్లనే పక్కన పెట్టన్నా. దాంట్లో కలపొద్దు."

ఇదే అదను అనుకున్నాను. ప్రసంగీకుణ్ణి కదా. "దేవుని దగ్గర వేరే సంచులెందుకమ్మా, అందరిదీ ఒకటే" అంటూ ముడి విప్పి, ఆమె మొహంలోకి ఆప్యాయంగా చూస్తూ, పెద్ద సంచిలోకి గుమ్మరించేశాను. బాగా కలవాలని సంచిని రెండుసార్లు కుదిపాను కూడా.

"ఏం పని చేస్తివన్నా!" అంది మార్తమ్మ. "అవి కొర్రలు."

సంచిలోకి చూశాను. తెల్లటి బియ్యం నిండా ఆవగింజలంత పసుపు గింజలు. షుగరు వచ్చాక డాక్టరు మాట మీద నేను రోజూ తినేది కొర్రన్నమే. కానీ సూపర్ మార్కెట్లో ప్యాకెట్టు మీద పేరు చదివి కొంటాను. గింజ మొహం ఎప్పుడూ చూడలేదు.

"బియ్యం ఒక తీరు ఉడుకుతాది, ఇవి ఇంగో తీరు ఉడుకుతాయి. రేపు సంఘమంతా ఏం తినాల?" ఆమె సంచి మూతి బిగించి పట్టుకుంది. "నీ చెల్లెలు ఏమంటాదో నాకు తెల్దా? బిడ్డ బాప్తిస్మం కూడు చెడగొట్టినాదంటాది. పో అన్నా, పో."

ఇద్దరి మధ్య గోడ తీయడానికి వచ్చి ఇంకో వరస ఇటుకలు పేర్చాను. సంచి మోసుకుంటూ చెల్లెలి ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

కరుణ సంచి మూతి తెరిచి చూసి మొదట పగలబడి నవ్వింది. "నీ మాటలకు దండం పెట్టాలన్నా!" తర్వాత గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"జల్లెడ పట్టాల" అంది.

"పట్టు మరి. తెల్లారేలోగా అయిపోతుంది."

"పిండి జల్లెడలో కొర్రలు దిగవు. కొర్రల జల్లెడ ఊర్లో ఒక్కరింట్లోనే ఉండాది."

ఎవరింట్లోనో నేను అడగలేదు. ఆమె కాసేపు గడప మీద కూచుంది. లోపల సలోమి మర్నాటి తెల్లబట్టలు మడత పెట్టుకుంటోంది. అటువైపు ఒకసారి చూసి, కొంగు బిగించి లేచింది. "సంచి ఎత్తుకో, పద" అంది.

మార్తమ్మ వాకిట్లో పొయ్యి ఊదుతోంది. మా అడుగుల చప్పుడు విని కూడా తల ఎత్తలేదు.

"అక్కా" అంది కరుణ.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"అక్కా, జల్లెడ కావాల."

"యాడ పెట్టినానో."

"గోడకు తగిలించినావు. ఈడికి కనపడతాండాది."

"కనపడితే తీసుకో."

కరుణ తీసుకోలేదు. "ఆ పొద్దు నేనన్న మాటకు అందరూ నవ్విరి, నాదేం తప్పని ఇన్నాళ్లూ అనుకుంటి. గుట్ట కింద రాళ్లచేన్లో, వాన లేని యేడు, నువ్వు ఆ కొర్రలు ఎట్ల పండించినావో నేను చూసినా. చూసీ ఆ మాట అంటి. తప్పు నాదే అక్కా."

నా జేబులో కాగితాలు ఉన్నాయి. వాటిలో ఈ సంగతి మూడు ఉపశీర్షికల కింద ఉంది. ఏ శీర్షిక కిందా ఇంత చిన్న వాక్యం లేదు.

మార్తమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది. "ఊరు నవ్వితే నేను పట్టించుకోను కరుణా. నువ్వు నవ్వినావే, అదీ నాకు..." మాట ఆపి ముక్కు తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది: "సలోమి తడిసొస్తే తుడిచేకి మంచి తుండుగుడ్డ ఉండాదా ఇంట్లో?"

"యాడుంది! పాతదే."

"నా పెట్టెలో కొత్తది ఉండాది. తీసుకో."

జల్లెడకు అటొకరు ఇటొకరు కూచున్నారు. కొర్రలు కిందికి దిగుతున్నాయి, బియ్యం పైన నిలుస్తోంది. పొయ్యి ఆరేటట్టుందని మార్తమ్మ నా చేతికి ఊదుగొట్టం ఇచ్చింది. ఊదితే బూడిద నా కళ్లలో పడింది.

"గట్టిగా ఊదన్నా. ప్రసంగాలు చేసేవానికి ఊపిరి లేకుంటే ఎట్ల?" అంది. కరుణ నవ్వింది. ఈసారి మార్తమ్మ కూడా నవ్వింది.

ఆదివారం ఏడున్నరకు బాప్తిస్మం. పాపఘ్ని ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. ఊరి రెడ్డిగారు తన చీనీ తోటలో నీళ్ల తొట్టి నింపించి, గట్టున నిలబడి చూశాడు. "నీళ్లు శానా చల్లగా ఉండాయి పాస్టరుగారూ, బిడ్డను తొందరగా లేపండి" అని హెచ్చరించాడు. సలోమి వణుకుతూ పైకి లేచింది. కొత్త తుండుగుడ్డ పట్టుకుని గట్టున నిలబడింది పెద్దమ్మ మార్తమ్మ.

గుడిలో నన్ను మాట్లాడమన్నారు. "ఐదు నిమిషాలన్నా, అన్నం చల్లారిపోతాది" అని కరుణ చెవిలో చెప్పింది. కాగితాలు తీయలేదు. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఒకటి గుర్తుచేసి, ఆ పని ఎలా ఉంటుందో నిన్న సాయంత్రం చూశానని మాత్రం చెప్పి కూచున్నాను. నా ప్రసంగానికి ఎవరూ ఆవులించకపోవడం అదే మొదటిసారి.

బల్ల దగ్గర సలోమికి ఒక పక్క తల్లి, ఇంకో పక్క పెద్దమ్మ మోకరించారు. రెండు గోడలూ ఖాళీగా ఉన్నాయి. రొట్టె ముక్క నా చేతిలోకి వచ్చినప్పుడు వెంటనే నోట్లో వేసుకోలేదు. రైల్లో పెద్దావిడలా కళ్లు మూసుకుని కాసేపు పట్టుకున్నాను. ఆ కాసేపట్లో నాకు ఆకలి వేసింది. కడుపుకు కాదు. ఎన్నాళ్లుగానో అలా వేయలేదు.

భోజనానికి రెండు గిన్నెలు, ఒకటి తెల్లన్నం, ఒకటి కొర్రన్నం. ఎంత జల్లెడ పట్టినా తెల్లన్నంలో అక్కడక్కడా పసుపు గింజలు మిగిలాయి, ఎవరూ ఏరలేదు. కరుణ ముందు తన కంచంలో కొర్రన్నం పెట్టుకుని, అప్పుడు వడ్డించడం మొదలుపెట్టింది. వచ్చే కోత పండుగకు కొర్రలు తెస్తావా అని ఎవరో మార్తమ్మను అడిగారు. "చూస్తాం" అంది. ఆ మాటతో ఇప్పటికి సరిపెట్టుకోవాలి.

సోమవారం ఏడింటికి వేంపల్లెలో కడప బస్సు, కడపలో ఇడ్లీ తిని కర్నూలు బస్సు. బుద్ధి వచ్చింది కాబట్టి రైలు జోలికి పోలేదు. మార్తమ్మ ఇచ్చిన కొర్రల సంచి ఒళ్లో ఉంది. ఇచ్చేటప్పుడు ముడి రెండుసార్లు బిగించి, "ఎవరి బియ్యంలోనూ పోయొద్దన్నా" అంది. పక్క సీటాయన ఏముందని అడిగితే, "పొరపాటున చేసిన ఒక మంచిపనికి ఇచ్చిన బహుమానం" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఓర్వకల్లు రాళ్లు కనపడేసరికి ఆగలేక మా ఆవిడకు ఫోను చేశాను.

"బియ్యం డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా పెట్టు. ఈ రోజు నుంచి మనమూ పిడికెడు బియ్యం తీసిపెడదాం."

"ఆ డబ్బా పెట్టి శానా యేండ్లయింది. వాచ్‌మన్ ఇంటికి నెలనెలా ఆ బియ్యం పోతాండాయి. నువ్వు వంటింట్లోకి వచ్చింది ఎప్పుడు, చూసింది ఎప్పుడు?"

బస్సు ఊళ్లోకి తిరుగుతోంది. కాగితాల మీద నేను ఊరూరా మోసుకు తిరిగింది నా ఇంట్లోనే, నా ఎసరు పక్కనే, ఎప్పట్నుంచో జరుగుతోంది. సిగ్గు పడాల్సినంత సిగ్గు పడ్డాను, తర్వాత సంతోషం ఆగలేదు.

"అయితే ఈ పూట పిడికెడు నేను వేస్తా" అన్నాను.

"వెయ్యి. వచ్చి చేతులు కడుక్కొని వెయ్యి" అంది.