వెనక చక్రం ఒక్కటే చాలు

ఈ వానాకాలంలో ఒకరోజు పొద్దున నేను వరండాలో కూర్చుని చాయ్ తాగుతుంటే, మా చిన్నమ్మాయి తన ఫోన్‌ను నా కళ్లద్దాలకు ఆనించినంత దగ్గరగా పెట్టి రెండు సైకిల్ చక్రాల ఫోటో చూపించింది. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మనకు తెలిసిన సన్నటి రిమ్ములు కావవి. రిమ్ము దాదాపు అరచేతి వెడల్పున లోపలికి దిగి ఉంటే, పుల్లలు ఎక్కడో మధ్యలో మొదలయ్యాయి. గోదావరి అవతల జైపూర్‌లో ఎవరో అమ్మకానికి పెట్టారట, కొత్తవాటి ధరలో సగం కూడా లేదట. అంత మంచివైతే ఆయన ఎందుకు అమ్ముతున్నట్టు అన్నది నా నోట వచ్చిన మొదటి మాట. "బాపూ, నువ్వు పుట్టుడే అనుమానంతోని పుట్టినవా ఏంది?" అని నవ్వి లోపలికి పోయింది.

అవును, అలాగే పుట్టి ఉంటాను. పాలవాడు పాలు పోసి పోయాక గిన్నె వంచి చూస్తాను, డాక్టరు రాసిన గోలీని మెడికల్ షాపులో మళ్లీ అడుగుతాను, బస్సు మీద రాసిన ఊరి పేరు చదివి కూడా కండక్టరును అడిగే ఎక్కుతాను. నా ఈడు వాళ్లు, అందులోనూ మన గోదావరిఖని వాళ్లు, ఇది చదివి ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు, ఎందుకంటే మీ ఇళ్లలోనూ మిమ్మల్ని ఇవే మాటలంటారు.

మా అమ్మాయి బసంత్‌నగర్ దారిలో ఒక బడిలో ఆటల టీచరు. ముందు ఈత కొట్టి, ఒళ్లు ఆరకముందే సైకిలెక్కి, దిగీదిగగానే పరుగెత్తే పోటీ ఒకటి ఉందని, దాన్ని ట్రయథ్లాన్ అంటారని ఆమె వల్లే నాకు తెలిసింది. కిందటిసారి ఈతలో అందరికంటే ముందు బయటికొచ్చి సైకిల్ మీద వెనకబడిపోయింది, ఆ కసి ఇంకా తీరలేదు. గాలిని కోసుకుపోయే చక్రాలుంటే అదే కష్టానికి ఇంకా ముందుకు పోవచ్చని ఆమె లెక్క. నా భయం పోటీ గురించి కాదు. ఆమె రోజూ తెల్లవారుతూనే బొగ్గు లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద తొక్కుతుంది. ఎవరో వాడి వదిలేసిన చక్రం ఆ లారీల పక్కన విరిగితే నా బిడ్డ ఏమవుతుంది అన్నదొక్కటే నా భయం.

పైగా అవి కార్బన్ చక్రాలట. కార్బన్ అంటే బొగ్గేనని మాకు ట్రైనింగులో చెప్పారు. జీవితమంతా బొగ్గు తవ్విన వాణ్ణి, అది చేతిలో ఎలా నలిగిపోతుందో చూసిన వాణ్ణి, దాని పేరు పెట్టుకున్న చక్రాన్ని నమ్మమంటే ఎలా నమ్ముతాను?

ఈ అనుమానం నాకు బావ నేర్పిన విద్య. బావ అంటే మా అక్క భర్త, నేను కొత్తగా బొగ్గుబాయి పనిలో చేరినప్పుడు నన్ను తన వెంట దించిన మనిషి. భూమి లోపల పని మొదలుపెట్టే ముందు కర్రతో నెత్తి మీది బండను కొట్టి చూస్తారు. గట్టి బండ ఖంగుమంటుంది, లోపల విడిచిన బండ డొల్లగా మోగుతుంది, డొల్లగా మోగితే ఆ కింద ఎవరూ నిలబడరు. ఇది అందరూ చేసేదే. బావ మరో ఆచారం పెట్టాడు, తను కొట్టి చూశాక నన్ను కూడా కొట్టి చూడమనేవాడు. పెద్దవాడు చూశాక మళ్లీ చూడటమేమిటని మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. "నేను జూసిన అంటే నమ్మకు బామ్మర్ది. నువ్వు గూడ కొట్టి జూడు" అనేవాడు. పక్క జట్టువాళ్లు మా ఇద్దరికీ పడదని అనుకునేవారు. ఒకసారి బావ జ్వరంతోనే డ్యూటీకి వచ్చి, బండ కొట్టి చూసి బాగుందన్నాడు. వెనక నేను కొడితే ఒక మూల నాకు తేడాగా వినిపించింది. ఇద్దరం వెనక్కి జరిగాం, మధ్యాహ్నం కాకముందే ఆ మూల ఊడిపడింది. అన్నం తినేటప్పుడు బావ తన డబ్బాలోని కోడిగుడ్డు తీసి నా అన్నంలో పెట్టాడు.

ఇదే బావకు సైకిల్ పిచ్చి. ఆ రోజుల్లో గనుల మధ్య ఏటేటా సైకిల్ పందెం జరిగేది, ఊళ్లోంచి బసంత్‌నగర్ దాకా పోయి తిరిగి రావాలి. అందరివీ ఒకే రకం బరువు సైకిళ్లే, కాబట్టి కాళ్లలో బలముంటే గెలిచేవారు. బావకు కాళ్లతో పాటు బుర్ర కూడా ఉండేది, కష్టమంతా దానివల్లే వచ్చింది. గని లోపల గాలిని కావలసిన వైపు మళ్లించడానికి మందపాటి గుడ్డ పరదాలు కట్టేవాళ్లం, దాన్ని బ్రాటిస్ గుడ్డ అనేవాళ్లం. రోజంతా గాలిని గుడ్డతో తోలే మనిషి కాబట్టి, బావ ఒక ఆదివారం చినిగి పారేసిన బ్రాటిస్ ముక్కలు తెచ్చి, సైకిల్ చక్రాలు రెండింటికీ పుల్లలు కనబడకుండా రెండు వైపులా తొడుగు కుట్టించాడు. "పుల్లల సందుల గాలి కొట్టుకుంటది బామ్మర్ది. సందు మూస్తే జారిపోతది" అన్నాడు. కుట్టింది అక్క, గోనెసంచి సూదితో, తిట్టుకుంటూ.

నాకు ఆ చక్రాల మీద ఎన్ని అనుమానాలు రావాలో అన్నీ వచ్చాయి. కుట్లు విప్పుకుంటాయన్నాను, తడిస్తే బరువెక్కుతాయన్నాను, పందెం పెద్దలు ఒప్పుకోరన్నాను. చక్రాలు బిగించిన మేస్త్రీ భాయ్ తమ్ముడు వేరే గని తరఫున పోటీలో ఉన్నాడని, నట్లు కావాలనే వదులుగా పెట్టాడేమోనని పానా తీసుకుని అన్నీ మళ్లీ బిగించాను. ఆ భాయ్ చూసి, "క్యా భాయ్, నా మీద భరోసా లేదా?" అని నొచ్చుకున్నాడు. ఇన్ని అనుమానించిన నాకు పక్క నుంచి వీచే గాలి మాత్రం తోచలేదు. మా గనిలో గాలి ఎప్పుడూ ఒక దారిన వచ్చి ఒక దారిన పోయేది, అడ్డంగా వచ్చి కొట్టడం మాకెవరికీ అలవాటు లేదు.

పందెం రోజు పోయేటప్పుడు బావ అందరికంటే ముందున్నాడట. తిరిగి వస్తుండగా ఎదురుగా వచ్చిన సిమెంటు లారీ పక్క నుంచి దూసుకుపోయింది, ఆ ఊపుకు గుడ్డ తొడిగిన ముందు చక్రం గాలికి గొడుగు తిరగబడినట్టు పక్కకు తిరిగింది, బావ రోడ్డు పక్క గుంతలో పడ్డాడు. మేం దవాఖానకు ఉరికేసరికి భుజానికి కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. అక్క ఏడుస్తోంది. ఆయన మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, "ఎనకది ఏం జెయ్యలె. గుంజింది ముందుదే. మళ్లొచ్చేసారి ఎనకదానికే మూత" అన్నాడు. ఆ మళ్లొచ్చేసారి రానే లేదు. భుజం సరిగా అతకలేదు, అక్క ఆ గుడ్డలు విప్పి కోళ్లగూటి మీద కప్పింది, బావ మాట నిజమో కాదో ఎవరూ తొక్కి చూడలేదు.

మా అమ్మాయి చక్రాల సంగతి పట్టుకుని నన్ను నాలుగైదు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పింది. పూర్తిగా మూసేసిన వెనక చక్రం అన్నిటికంటే వేగమట, కానీ అది పోటీ రోజుకే తప్ప రోజువారీకి పనికిరాదట. మరీ ఎత్తు రిమ్ములైతే గాలిలో పట్టుకోలేమట, పొట్టివైతే లాభం తక్కువట. తనలా ఒక్క జతతోనే సాధనా పోటీ రెండూ నెట్టుకురావలసిన వాళ్లకు నడిమి ఎత్తువే మంచివట. మంచి టైర్లు, సరిపడా గాలి లేకపోతే ఏ చక్రమైనా దండగేనట. అలాంటి చక్రాలు కొన్నవాళ్లు మెచ్చుకుంటూ ఫోన్‌లో ఎన్ని చుక్కలు పెట్టారో చూడమంది. చుక్కలు పెట్టినవాళ్లలో ఒక్కడైనా మన రోడ్డు మీద లారీ పక్కన తొక్కాడా అని అడిగాను.

చివరికి ఒక ఆదివారం ఇద్దరం బస్సులో జైపూర్ బయల్దేరాం. వంతెన కింద గోదావరి నిండుగా పారుతోంది, కిటికీలోంచి గాలి రయ్యిన కొడుతోంది. ఆ గాలికే బావ గుర్తొచ్చి, బండ సంగతీ గుడ్డ చక్రాల సంగతీ ఆమెకు మొదటిసారి చెప్పాను.

అమ్మే ఆయన అక్కడి కరెంటు ప్లాంటులో ఇంజినీరు, ఆయనా భార్యా కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్ర దంపతులు. వెళ్లగానే కుర్చీలు వేసి కాఫీ ఇచ్చారు. సరుకులో లోపం ఉన్నచోటే ఇంత మర్యాద ఉంటుందని నాకు వెంటనే అనిపించింది. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, ముందు చక్రం రిమ్ము మీద ఒక్కటి కొట్టాను. డొల్లగా మోగింది. "బిడ్డా, ఇది లోపల విడిచింది, పోదాం పా" అని లేచాను. ఆయన ముఖం ఎర్రబడింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "బాపూ, ఈ రిమ్ము లోపల ఖాళీనే ఉంటది, గట్లనే మోగుతది. అంతట ఒక్కతీరుగ మోగుతుందా లేదా, అది జూడాలె" అంది. సరేనని వెనక చక్రం తీసుకుని చుట్టూ కొట్టుకుంటూ పోయాను. ఒకచోట శబ్దం మారింది. దొరికింది చూడు అన్నాను గట్టిగా. ఆయన టైరు విప్పి చూపించాడు. అది గాలి కొట్టే గొట్టం బిగించే చోటు, అక్కడ కావాలనే మందంగా చేస్తారట. ఇలా ఒక్క కాఫీ పూర్తికాకముందే రెండుసార్లు బోల్తా పడ్డాను. అయినా తగ్గానా అంటే తగ్గలేదు, మరి ఎందుకు అమ్ముతున్నారు బాబూ అని మళ్లీ అడిగాను.

వేరే కొనుక్కుంటున్నాననో ఏదో మొదలుపెట్టాడు. వంటింట్లోంచి ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడి, "ఉన్నది చెప్పండి. వాళ్లమ్మాయి ఎక్కి తొక్కాలి కదా" అంది. ఆయన తలవంచుకున్నాడు. వంతెన దిగిన తర్వాత బూడిద లారీ పక్క నుంచి పోయిందట, ముందు చక్రం ఒక్కసారిగా చేతుల్లోంచి లాగేసిందట, మట్టిలో పడ్డాడట. "చక్రాలకేం కాలేదండి, షాపులో చూపించాను కూడా. నాకే, మళ్లీ ఎక్కుదామంటే ధైర్యం చాలడం లేదు" అన్నాడు. ఏదో ఉందని మొదటి నుంచీ అనుకున్నాను, ఉన్నది ఆ మనిషి భయమని తేలాక నాకు సంతోషం కలగలేదు. జాలేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అదే లారీ గాలి, అదే ముందు చక్రం.

మా అమ్మాయి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకే మాట తోచిందని ఆ చూపులోనే తెలిసింది. "అన్నా, ఎనకది ఒక్కటే ఇస్తరా? ముందట నా పాతదే ఉంచుకుంట" అని అడిగింది. జత విడదీస్తే మిగిలింది ఎవరు కొంటారండి అని ఆయన గొణిగాడు, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆయన భార్య మాత్రం, "ముందుది ఎవరూ కొనకపోవడమే మంచిది. ఇచ్చెయ్యండి" అని లోపలికి వెళ్లిపోయింది. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొనుక్కుంటానని మా అమ్మాయి అక్కడికక్కడే నిర్ణయించేసుకుంది.

లేచే ముందు ఆ వెనక చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, చెవి దగ్గరగా వంచి, మరోసారి చుట్టూ కొట్టి చూశాను. గొట్టం చోటు తప్ప అంతటా ఒకే తీరుగా మోగింది. బాగుంది బిడ్డా అన్నాను. ఆమె నా చేతిలోంచి బిళ్ల తీసుకుని, కింద కూర్చుని, తనూ మొదటి నుంచి కొట్టుకుంటూ పోయింది. "మీ నాన్నగారు చూశారు కదండీ?" అన్నాడాయన, ఇక ఓపిక లేక. "చూసిండు. నేను గూడ చూడాలె" అంది తల ఎత్తకుండా. బస్సులో ఆమెకు బావ కథ చెప్పానే తప్ప ఇలా చెయ్యమని చెప్పలేదు. కళ్లు చెమర్చడం వాళ్లకు కనబడకూడదని కిటికీలోంచి పొగగొట్టాల వైపు చూస్తూ నిలబడ్డాను.

బావ పోయి చాలా కాలమైంది. మేం దిగిన బాయి మూసేశారు. ఇప్పుడు ఊరి చుట్టూ బొగ్గంతా నేల పై నుంచే తవ్వుతున్నారు, నెత్తి మీద ఆకాశం తప్ప బండ లేదు, కర్రతో కొట్టి చూడవలసిన పని ఎవరికీ లేదు. అది మంచిదే, ఎందరో ఇళ్లకు క్షేమంగా చేరుతున్నారు. కానీ ఒకరు చూసింది మరొకరు మళ్లీ చూడటం, అందులో చిన్నతనం లేదనుకోవడం కూడా ఆ చీకటిలోనే ఉండిపోయినట్టుంది. ఇప్పుడు ఫోన్‌లో చుక్కలు చూసి నమ్మేస్తున్నారు, నమ్మనివాణ్ణి చాదస్తుడంటున్నారు.

మా అమ్మాయి పోటీ చలికాలంలో ఉంది. ముందు సన్న చక్రం, వెనక వెడల్పు చక్రం ఉన్న ఆ సైకిల్‌ను చూసి కాలనీలో నవ్వుతున్నారు, బావ ఉంటే నవ్వేవాడు కాడు. నేను రోజూ ఆమె కంటే ముందు లేచి చక్రాలు తిప్పి, బిళ్లతో కొట్టి, బాగుందని చెబుతాను. ఆమె వినదు. ఆ బిళ్ల అడిగి తీసుకుని, మళ్లీ తనూ కొట్టి చూసుకుంటుంది. నా మాట ఊరికే నమ్మని మనిషి ఇంట్లో ఒకరున్నారన్న ధైర్యంతోనే నేను వెళ్లి గేటు తీస్తాను.