అంగడి పేరు ముందుండాలె

భూమికకు కోపం రాదని కామారెడ్డిలో ఆమె పనిచేసే కంప్యూటర్ ఆఫీసులో అందరూ అనుకునేవారు. యజమాని దివాకర్ అయితే కొత్తగా చేరిన వాళ్ళకు ఆమెను చూపించి, "చూడుండ్రి, ఎంత చెప్పినా నోరెత్తదు" అని మెచ్చుకునేవాడు. మనిషి నోరెత్తకపోవడం కూడా ఒక గొప్పేనన్నట్టు! మొన్న వరికోతల కాలంలో ఆయనకా భ్రమ పూర్తిగా వదిలింది.

భూమికది ఎల్లారెడ్డి దగ్గర ఒక తండా. కామారెడ్డిలో డిగ్రీ చదివి, అక్కడే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, ఆరేళ్ళుగా రోజూ బస్సులో వచ్చిపోతోంది. ఆమె ఒంటిచేత్తో చేసిన మొదటి పెద్ద పని, ఎల్లారెడ్డి రైతుల సంఘానికి కోత మిషన్ల వంతులు చూసే ప్రోగ్రాం. ఆ సంఘానికి ఒక పద్ధతి ఉంది. మిషను కోసమని రైతులు పనిగట్టుకుని ఆఫీసుకు రారు. తమ వైపు అంగడి, అంటే వారపు సంత, జరిగే రోజున సరుకులకు వచ్చి, పనిలో పనిగా అక్కడే పేరు రాయించుకుని పోతారు. కాబట్టి ఏ అంగడి పేర్లు ఆ అంగడికే విడిగా ఉంటాయి, వంతు కూడా ఆ వరుసలోనే నడుస్తుంది. సంఘం గుమాస్తా యాకూబు ఏళ్ళ తరబడి అట్లాగే రాశాడు. భూమిక ఆ పద్ధతిని గౌరవించి, డేటాబేసులో అంగడికొక పట్టిక పెట్టి, ప్రతి పట్టిక పేరుకూ ముందు ఆ అంగడి పేరు చేర్చింది.

అయితే ఆమె వాడిన లైబ్రరీకి, అంటే వేరేవాళ్ళు ముందే రాసిపెట్టిన కోడుకు, సొంత అలవాటు ఒకటి ఉంది. ప్రోగ్రాంలో 'వంతు' అని రాస్తే, డేటాబేసులో కూడా అదే పేరున్న పట్టికను తనంతట తాను వెతుక్కుంటుంది. అంగళ్ళ సంగతి దానికేం తెలుసు? అందుకే భూమిక సెట్టింగుల ఫైల్లో నాలుగు వరుసల నియమం రాసింది. ముందు అంగడి పేరు చేర్చుకో, ఆ తర్వాతే పట్టిక కోసం వెతుకు అని దాని అర్థం. దాని మీద 'దీన్ని తీయొద్దు' అని కూడా రాసి పెట్టింది. మూడేళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఇంతలో హైదరాబాదు నుంచి జీవన్ దిగాడు. పాత ప్రోగ్రాములన్నీ శుభ్రం చేయడానికి దివాకర్ పిలిపించుకున్న మనిషి. ఆ నాలుగు వరుసలు చూసి నవ్వాడు.

"ఇదేంటండీ, టేబుళ్ళకి సంతల పేర్లు? లైబ్రరీకి దాని పద్ధతి దానికుందిగా, మధ్యలో మీ వేలెందుకు?"

"ఒక్కసారి ఎల్లారెడ్డికి పోయి సూడుండ్రి సార్. ఆ తర్వాత తీసేద్దురు" అంది భూమిక.

జీవన్ పోలేదు. ఎందుకు పోతాడు? భూమిక జ్వరంతో ఇంట్లో ఉన్న రోజు చూసి ఆ నాలుగు వరుసలూ పీకేశాడు. ఆమెకు ఒక్క ఫోనైనా చేసిన పాపాన పోలేదు. లైబ్రరీ మొరాయించి ఆగిపోయినా బాగుండేది, ఎవరో ఒకరు చూసేవారు. అది అట్లా చేయలేదు. తన పద్ధతి ప్రకారం పట్టిక కోసం వెతికి, కనబడకపోయేసరికి ఆ పేరుతో ఖాళీది ఒకటి కొత్తగా తయారుచేసుకుంది. ఆ రోజు అంగడికి వచ్చిన ముగ్గురి పేర్లు అందులో పడ్డాయి.

మర్నాడు పొద్దున బాబూలాల్ సంఘానికి వచ్చాడు. భూమిక తండా మనిషే, ఆమె కాకా అని పిలుస్తుంది. నాలుగెకరాల వరి పండి కోతకు నిలబడి ఉంది, పోచారం వైపు మబ్బు కమ్ముకుంటోంది. ఆ రోజు మొదటి వంతు ఆయనదే. యాకూబు తెర మీద చూస్తే మూడే పేర్లు, వాటిలో బాబూలాల్ లేడు. అనుమానం వచ్చి దివాకర్‌కు ఫోన్ చేశాడు. దివాకర్ తన కంప్యూటర్ వైపు తలైనా తిప్పలేదు.

"లిస్టుల లేదంటే రాయించుకోలేదన్నట్టే యాకూబు భాయ్. తండోళ్ళు గిట్లనే అబద్ధాలాడి ముందుకొస్తరు."

యాకూబు ఆ మాటను పదిమంది ముందు ఉన్నదున్నట్టు బాబూలాల్‌కు అప్పజెప్పాడు. కొందరు నవ్వారు. మిషను ఇంకొకరి పొలానికి వెళ్ళిపోయింది. సాయంత్రం వాన దంచికొట్టింది. బాబూలాల్ వరి నేలకు ఒరిగింది.

జ్వరం తగ్గి, తెల్లవారి తండాలో ఈ సంగతి విన్న భూమికకు, ఏం జరిగి ఉంటుందో విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆఫీసుకు పోయి ఫైలు తెరిచింది. నాలుగు వరుసలూ లేవు. వాటిని తిరిగి రాసింది. పాత పట్టిక ఎక్కడికీ పోలేదు, చెక్కుచెదరకుండా ఉంది. మొదటి పేరు బాబూలాల్. ఆయన వెనక ఇంకా నలభై ఒక్కరు.

ఆమె ఒళ్ళు మండిపోయింది. నేరుగా దివాకర్ గదిలోకి వెళ్ళింది.

"నెట్‌వర్క్ పోయిందని చెప్పుమా. ఖతం అయితది" అన్నాడాయన.

"నెట్‌వర్క్ ఎక్కడ పోయింది సార్? ఉన్న పేరును మనమే కనబడకుండ జేసినం. అది చాలదని ఆయన్ని అబద్ధాలకోరన్నరు మీరు!"

"గొంతు తగ్గించు."

"తగ్గించ సార్."

అదే మాట మీద బయటికొచ్చి ఎల్లారెడ్డి బస్సెక్కింది. సంఘం ఆఫీసుకు బాబూలాల్‌ను కూడా పిలిపించింది. నిన్నటి జనమే చాలామంది అక్కడున్నారు. జరిగిందంతా చెప్పి, తెర మీద మొదటి పేరు చూపించింది. బాబూలాల్ తెర వైపు చూడనే లేదు.

"వరి పడ్డది పడ్డది బిడ్డా. నన్ను గీ నలుగుర్ల అబద్ధాలకోరన్నరు. అన్నోళ్ళు గీ నలుగుర్లనే కాదనాలె."

భూమిక దివాకర్‌కు ఫోన్ కలిపి, అందరికీ వినబడేటట్టు పెట్టింది.

"సార్, బాబూలాల్ కాకా పేరు మన దగ్గర ఉండెనా, లేకుండెనా?"

"సిస్టంల చిన్న ప్రాబ్లం వచ్చి..."

"ఉండెనా, లేకుండెనా? అందరు వింటున్నరు సార్."

అవతల కీబోర్డు టకటకలాడింది. "ఉండె" అన్నాడు దివాకర్. "తప్పు మాదే."

నిన్న నవ్విన వాళ్ళు తలలు దించుకున్నారు. యాకూబు కుర్చీలోంచి లేచాడు.

"మాఫ్ చెయ్ అన్నా. రేపు మొదటి మిషను నీకే పంపుత."

"మిషనేం జేసుకోను? మడిల నీళ్ళు నిలిచినయ్, దిగబడతది. ఇగ కొడవండ్లతోనే కొయ్యాలె" అన్నాడు బాబూలాల్. "మనుషులు కావాలె. నువ్వొస్తవా?"

యాకూబు కంప్యూటర్ ఆపి, ఆఫీసుకు తాళం వేశాడు.