పాలికి అడిగిన కాయలు

నా చిన్నప్పుడు గాలివాన వస్తే పెద్దవాళ్ళు తలలు పట్టుకునేవారు, మేం పిల్లలం మాత్రం సంబరపడేవాళ్ళం. మాది ఆగిరిపల్లి పక్కన ఊరు. చుట్టూ మామిడి తోటలే. రాలిన కాయ ఏరుకుని ఉప్పూ కారం అద్దుకు తినడం కంటే గొప్ప పని లోకంలో ఇంకొకటి ఉంటుందని నాకు తోచేది కాదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నోరు ఎక్కువ, బుద్ధి తక్కువ అని మా అమ్మ అప్పటికే తేల్చేసింది.

మా పక్కింటి అక్క ఆ ఏడే నూజివీడు కాలేజీలో బీయస్సీ ఆఖరి పరీక్షలు రాసింది. విశాఖపట్నం వెళ్ళి ఎమ్మెస్సీ చదవాలని ఆమె పట్టుదల. వాళ్ళ నాన్నగారు చెడ్డవారు కాదు, కేకలు కూడా వేయలేదు. "చదివింది చాల్లేమ్మా" అని తువ్వాలు భుజాన వేసుకుని తోటకు వెళ్ళిపోయారు, అంతే. పోనీ స్కాలర్‌షిప్పు అడుగుదామంటే, తోటలున్న ఇంటి పిల్లకు రాదన్నారు. స్తోమత ఉన్న నాన్న ఇవ్వడు, ఆయనకు స్తోమత ఉంది గనుక ఇంకెవరూ ఇవ్వరు. ఆ చిక్కు నాకు అప్పుడు అర్థం కాలేదు గాని, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అక్క ఏడుస్తూ కూర్చోలేదు. పెరట్లో ఉన్న రెండు పుల్లమామిడి చెట్ల కాయలు కోసి, చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పు పట్టించి డాబా మీద ఎండబెట్టడం మొదలుపెట్టింది. ఆ ఎండు ముక్కల్నే ఒరుగులు అంటాం. కాయలు దొరకని రోజుల్లో పప్పులో వేసుకోవడానికి జనం కొంటారు కాబట్టి బెజవాడ కొట్లలో వాటికి గిరాకీ ఉంది. సీటు వస్తే జూలైలో ఫీజూ, హాస్టలు డిపాజిట్టూ కట్టాలి. రెండు చెట్లతో అది తెమిలేది కాదని ఆమెకూ తెలుసు. వాళ్ళ నాన్నగారు దాన్ని కాలక్షేపం కింద జమకట్టి ఊరుకున్నారు. బయటివాళ్ళ నుంచి ఒక్క మాట వచ్చినా అన్నీ కట్టిపెట్టాల్సిందేనని మాత్రం ముందే చెప్పారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. నేను ఊరుకుంటానా? అక్కకు ఉపకారం చేద్దామని వాళ్ళ తోటలోకే పరిగెత్తాను. గౌను ఒడి నిండా కాయలు ఏరి తెచ్చి వాళ్ళ పెరట్లో పోశాను. అలా నాలుగుసార్లు తిరిగాను. ఐదోసారి వచ్చేసరికి అక్క ఆ కుప్ప ముందు నిలబడి ఉంది. మెచ్చుకుంటుందని పళ్ళికిలించాను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా వైపు చాలామంది రైతులు పూత మీదే తోటను వ్యాపారికి అమ్మేస్తారు. అక్కావాళ్ళ తోట కూడా ఆ ఏడు అలాగే అమ్ముడైంది. బేరం కుదిరాక చెట్టు రైతుదే గాని కాయ కొన్నవాడిది. కొమ్మన ఉన్నదీ, రాలి నేలన పడ్డదీ కూడా. పిల్లలు ఒకటో రెండో తీసుకుంటే కావలివాడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. నేను తెచ్చింది గంపెడు. పైగా పోసింది రైతు ఇంటి పెరట్లో. తోట అమ్మినవాడే కాయలు దొంగిలించాడని ఆ వ్యాపారి ఒక్క మాట అంటే చాలు, ఆ ఇంటి పరువుతో పాటు అక్క చదువు కూడా అక్కడితో ఆగిపోతుంది.

నన్ను రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది. వేయలేదు. కాయలన్నీ గంపకెత్తి, ఒక పక్క నన్ను పట్టుకోమని, తోటలో పాక దగ్గరకు నడిపించింది. దారంతా నా ఏడుపే. తోట కొన్న వ్యాపారి పాక ముందు మంచం మీద కూర్చుని, నేలన పడ్డ కాయల వంక దిగులుగా చూస్తున్నాడు. అక్క గంప దించి, "ఇవి మీ కాయలు బాబాయ్ గారూ. చిన్నపిల్ల, తెలీక తెచ్చింది. కాకపోతే నా కోసమే తెచ్చిందండి" అంది. తప్పంతా నా నెత్తిన వేసి తప్పుకోవచ్చు. ఆమె అలా చేయలేదు.

ఆయన పెద్దగా నవ్వాడు. "ఓస్, ఇంతేనా? ఉంచుకో అమ్మాయ్" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మనసు మారకముందే గంప అందుకోబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊరికే వద్దండి. పాలికివ్వండి" అంది. గాలికి తోటంతా రాలిన కాయ తనకు ఇస్తే, తరిగి ఎండబెట్టి, అయిన ఒరుగుల్లో సగం ఆయనకు తెచ్చిస్తానని చెప్పింది. పొలాన్ని పాలికి చేసి పంటలో వాటా ఇవ్వడం అందరికీ తెలిసిందే. రాలిన కాయను పాలికి అడిగినవాళ్ళను ఆయన అంతవరకు చూడలేదు. ఎందుకమ్మా ఇదంతా అంటే, ఎమ్మెస్సీ ఫీజుకని దాచకుండా చెప్పింది. మీ నాన్నకు తెలుసా అంటే, "నేనే కట్టుకుంటానని చెప్పానండి. ఆయన నమ్మలేదు" అంది.

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "తరిగేది నువ్వు, ఉప్పు నీది. నాకు సగమెందుకు, మూడో పాలు చాల్లే. సీజన్ అయ్యేదాకా రాలిందంతా నువ్వే పట్టుకెళ్ళు" అన్నాడు. అక్క సరేనంది.

తిరిగి వస్తూ నోరు ఊరుకోక అడిగాను. ఊరికే ఇస్తే వద్దన్నదానివి, వాటా తగ్గిస్తే ఎందుకు ఒప్పుకున్నావని. "అది దానం, ఇది బేరం. రేపు మా నాన్న అడిగితే ఆయనా చెప్పగలడు, నేనూ చెప్పగలను" అంది. నాకు సగమే అర్థమైంది. తిట్లు తప్పాయన్న సంతోషం ముందు మిగతా సగం గురించి నేను పట్టించుకోలేదు.

ఆ నెలన్నరా అక్క వేళ్ళు మామిడి సొనకు కాలి నల్లబడ్డాయి. ముక్కలు తిరగేయడం నాకు పడిన శిక్ష. మబ్బు పట్టినప్పుడల్లా ఇద్దరం చాపలు ఎత్తుకుని కిందికి పరుగో పరుగు. వ్యాపారి వాటా ఆయనకు చేరింది, ఆమె వాటా బెజవాడకు వెళ్ళింది. జూలైలో సీటు వచ్చినట్టు ఉత్తరం కూడా వచ్చింది. ప్రయాణం ముందురోజు వాళ్ళ నాన్నగారు అరుగు మీద కూర్చుని, "ఎంత తగ్గిందమ్మా?" అని అడగడం గోడ ఇవతల నుంచి విన్నాను. "ఏం తగ్గలేదు నాన్నా. సరిపోయింది" అంది అక్క. ఆయన బస్సు ఎన్నింటికని అడిగారు. మా అమ్మ నా పక్కనే నిలబడి హమ్మయ్య అంది.

రెండో ఏడాది ఫీజు అక్కడ ట్యూషన్లు చెప్పి కొంత, వేసవిలో వచ్చి మళ్ళీ ఒరుగులు పెట్టి కొంత కట్టుకుంది. లెక్చరరుగా పనిచేసి రిటైరయింది.

నాకు ముప్పై దాటాక ఎమ్మే చదవాలనిపించింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు. నేను పనిచేసే స్కూలు యజమాని ముందు నిలబడితే, సాయం చేయండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "సాయంత్రాలు ఒక గది ఇవ్వండి, టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను, వచ్చినదాంట్లో సగం మీకు" అన్నాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. బయటికి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకున్నప్పుడు, చిన్నప్పుడు వదిలేసిన ఆ మిగతా సగం అర్థమైంది.

ఈ వయసులో కూడా ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, నా వంతు ఏమిటో ముందు చెప్పాకే అడుగుతాను. కాదనిపించుకున్న రోజులు బోలెడు ఉన్నాయి. తల దించుకుని వచ్చిన రోజు మాత్రం ఒక్కటీ లేదు.