దొంగల కోసమని పెట్టిన కెమెరా

మొన్న మా కింది పోర్షన్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఐదు నెలల పసిబిడ్డను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, వచ్చే నెల నుంచి ఆఫీసుకు వెళ్లాలక్కా, బిడ్డను చూసుకోవడానికి మా అమ్మ వస్తోంది, హాల్లో పెట్టుకోవడానికి మంచి కెమెరా ఏదైనా చెప్పండి అని అడిగింది.

మూడేళ్ల కిందట మా పాపకు ఏడో నెల వచ్చినప్పుడు, తిరుపతిలో నా ఉద్యోగంలో మళ్లీ చేరవలసి వచ్చి, మా ఊరు ఐరాల నుంచి అమ్మను పిలిపించుకున్నాను. అమ్మ వచ్చే ముందురోజే హాల్లో కెమెరా పెట్టించాను. అదేమిటని అమ్మ అడిగితే, ఈ వీధిలో దొంగల భయం ఎక్కువమ్మా అన్నాను. అమ్మ మీద నమ్మకం లేక కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మన వయసు తల్లులకు తెలుసు కదా, బిడ్డను వదిలి బస్సెక్కగానే మనసు ఎలా పీకుతుందో, పసిపిల్లల గురించి ఫోన్‌లో చదివిన భయాలన్నీ ఎలా ఒక్కసారిగా గుర్తొస్తాయో.

నన్ను పెంచింది మా అవ్వ. అమ్మ, నాయన పొద్దున్నే వేరుశనగ చేలోకి వెళ్లిపోతే ఇంట్లో అవ్వా నేనూ మిగిలేవాళ్లం. నాకు ఒళ్లు వెచ్చబడినా, ఎంతకీ ఏడుపు ఆపకపోయినా అవ్వ తన ఎర్రచీర తెచ్చి మిద్దె పిట్టగోడ మీద పరిచేది. చేలోంచి అది కనిపిస్తే అమ్మ చేస్తున్న పని వదిలేసి వచ్చేసేదట. కనిపించకపోతే బిడ్డ బాగున్నట్టే. ఒకసారి నేను మంచం మీదినుంచి పడి కనుబొమ్మ చిట్లితే, కోడలికి ఏం చెప్పాలో తెలియక అవ్వ ఆ చీర పరచనే లేదు. సాయంత్రం వచ్చిన అమ్మ నా మొహం చూసి, అవ్వ మొహం చూసి, ఒక్క మాటా అనకుండా గాయానికి పసుపు అద్ది, ముందు అవ్వకే కాఫీ కలిపి ఇచ్చిందట. ఈ సంగతి నాకు చెప్పింది అవ్వే, చెప్పిన ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటూ.

అలాంటి అమ్మ మీద నేను రెండో వారంలోనే, ఆఫీసులో భోజనం చేస్తూ, ఫోన్‌లోంచి అరిచాను. తెరమీద పాప ఏదో నములుతోంది, అమ్మ పక్కనే చాప మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ కెమెరాలోంచి మాట్లాడవచ్చు కూడా.

"అమ్మా, దాని నోట్లో ఏముందో చూడు!"

అమ్మ ఉలిక్కిపడి, నేనే వచ్చాననుకుని వెళ్లి తలుపు తీసింది. "యాడుండావే? గొంతు ఈడే ఇనపడతా ఉండాదే!" అంటూ వంటింట్లో చూసింది, బాల్కనీలో చూసింది, చివరికి గోడ వైపు తలెత్తింది. పాప నోట్లో ఉన్నది, పళ్లు వచ్చే పిల్లలకు మంచిదని నేనే కొనిచ్చిన రబ్బరు రింగు.

సాయంత్రం ఇంటికి రాగానే, ఇప్పటికీ నన్నూ పాపా అనే పిలిచే అమ్మ నవ్వుతూనే అంది: "దొంగల కోసరం అంటివే పాపా. పట్టుకుంటివి గదా."

నేనూ నవ్వేశాను. తప్పయిందమ్మా అనవలసిన చోట నవ్వి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి అమ్మ పాపకు పాటలు పాడటం మానేసింది. చాప మీద కాళ్లు చాపుకుని కూర్చునే మనిషి, భుజాల చుట్టూ కొంగు కప్పుకుని కెమెరాకు ఎదురుగా కుర్చీలో కూర్చునేది. నాలుగో రోజు పాపకు తినిపించాక, కూలికి వచ్చిన మనిషిలా, ఖాళీ గిన్నె పైకెత్తి కెమెరాకు చూపించింది. ఆ సాయంత్రమే దాన్ని ఊడబీకాను. అయినా నెల తిరగకముందే మోకాళ్ల నొప్పులని చెప్పి అమ్మ ఊరికి వెళ్లిపోయింది, పాపను క్రెష్‌లో చేర్చాను.

ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటాం. ఒకప్పుడు పాప తలకు నూనె సరిగా పట్టించలేదని, సంగటి ఇంకా మెత్తగా పిసికి పెట్టమని నన్ను కేకలేసిన మనిషి, పాపకు జ్వరమమ్మా, ఏం చేయమంటావు అని అడిగినా, "నీకు తెల్దా పాపా, సదువుకున్నదానివి" అని ఊరుకుంటుంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదనిపిస్తుంది. అమ్మ వాళ్ల కాలంలో బిడ్డను ఒకరి చేతిలో పెట్టారంటే, జరగబోయే పొరపాట్లతో సహా పెట్టేవాళ్లు. మనం బిడ్డను ఇస్తాం, చూపు మాత్రం వెనక్కి తీసుకోలేం.

మొన్న పాప దగ్గుతుంటే ఫోన్ చెవికి ఆనించుకుని, అమ్మ తిట్టే ఒక్క తిట్టు కోసం చాలాసేపు ఎదురుచూశాను. అవతలినుంచి ఆమె ఊపిరి మాత్రమే వినిపించింది.