రైలు గేటు దగ్గర కునుకు

నరసరావుపేటలో రైలు గేటు పడితే ఎవరికీ చేసే పని ఉండదు. అందరూ ఇంజన్లు ఆపి పట్టాల వంక చూస్తూ నిలబడతారు. నేను మాత్రం బండి హ్యాండిల్ మీద తల వాల్చి నిద్రపోయాను. రైలు వెళ్ళింది, గేటు లేచింది, వెనక ఆటోలవాళ్ళు హారన్లతో కచేరీ పెట్టారు. ఇవేవీ నాకు తెలియవు. వెనక కూర్చున్న మా ఆవిడ వీపు మీద ఒకటి చరిచాక తెలిసింది.

"ఆదివారం ఎత్తిపోతల వెళ్దామన్నారుగా," అంది ఇంటికొచ్చాక. "ఆలోపు రోజూ తిన్నగా నిద్రపోండి. లేకపోతే మీ బండి నేనెక్కను. మీరొక్కరే వెళ్ళి నీళ్ళు చూసి రండి."

ఎత్తిపోతల ప్రయాణం మా పెళ్ళయిన కొత్తల్లో దాఖలైన దావా. అప్పటినుంచీ వాయిదాలే. ఈసారి కూడా తప్పితే ఏమవుతుందో ఊహించుకోగలిగేంత చదువు నాకుంది.

నిజానికి నా నిద్రకు శత్రువులంటూ ఎవరూ లేరు. పగలు కోర్టు, సాయంత్రం ఫైళ్ళు, అన్నం తిన్నాక కక్షిదారుల ఫోన్లు, ఆ తర్వాత బాగా నిద్ర పట్టడానికి చిట్కాలు ఫోన్‌లో చదువుతూ చాలాసేపు మేలుకోవడం. తెల్లవారకముందే మొదటి బస్సుకు కక్షిదారులు దిగుతారు. మా వైపు లాయరును తిన్నగా కోర్టులో కలవడం మర్యాద కాదు. ఇంటికొచ్చి, వసారాలో కూర్చుని, లాయరును లేపకుండా గట్టిగా మాట్లాడుకోవడం మర్యాద.

సోమవారం నుంచి చిట్కాలు అమల్లో పెట్టాను. ఫోన్ ఆపేసి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టాను. కిటికీకి దుప్పటి కట్టాను. పొద్దున ఎవరొచ్చినా నన్ను లేపొద్దని చెప్పమని పక్కింటి పిన్నిని అడిగాను. పిన్ని అంటే చుట్టం కాదు, గోడ అవతల ఉంటుంది కాబట్టి పిన్ని. బాధ్యత గల మనిషి. మర్నాడు తెల్లారేసరికి మా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎవురూ అరవమాకండి! అబ్బాయి పడుకున్నాడు!" అన్న ఆవిడ కేకకు నాకు మెలకువ వచ్చింది.

"పొద్దెక్కినా పడుకోటం ఏంది?" అని ఇంకో గొంతు. ముప్పాళ్ళ పెద్దాయన. పొలం గట్టు తగాదాలో నా కక్షిదారు. "ఫోన్ గూడా పలకట్లా. ఒంట్లో బాలేదా?"

"నాకేం చెప్పలా. లేపొద్దన్నాడు, అంతే," అంది పిన్ని, చెప్పకూడనిదేదో దాచిపెట్టుకున్నట్టు.

పొద్దెక్కేదాకా మంచం మీద ఉన్నవాడు జబ్బు మనిషే. నిద్రొచ్చి పడుకున్నాడన్న వాదన మా వైపు చెల్లదు. మరుసటి రోజు పెద్దాయన కొబ్బరి బోండాలతో వచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"వేడి లేదే," అన్నాడు కాస్త నిరాశగా.

"లోపలి జరం అయ్యుంటది," అంది పిన్ని.

"నాకేం లేదు పెద్దాయనా. నిద్ర కోసం పడుకున్నా."

"ఆఁ. మా బావ గూడా ఇట్టాగే అన్నాడు."

ఆ బావగారికి తర్వాత ఏమైందో నేను అడగలేదు.

గురువారానికి వసారా నిండిపోయింది. ఒకరు బత్తాయిలు తెచ్చారు. గురజాల నుంచి ఒకాయన తాయెత్తు తెచ్చాడు. మా ఆవిడ చీకటితోనే లేచి, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పెట్టి, నాకేమీ లేదని చెప్పేది. ఆవిడ ఎంత మామూలుగా చెబితే వాళ్ళు అంతగా జాలిపడేవారు. కోర్టులో ఎదుటి లాయరు కూడా నాతో మెత్తగా మాట్లాడాడు. అది మాత్రం కాస్త భయపెట్టింది.

అయితే ఈ జబ్బులో ఒక సౌకర్యం ఉంది. రోగిష్టి మనిషిని సాయంత్రాలు కదిలించకూడదని కక్షిదారులే తీర్మానించుకున్నారు. అన్నం తినగానే పడుకునేవాణ్ణి. మొదటి బస్సు వేళకు దానంతటదే మెలకువ వచ్చేది. లేచి వసారాలోకి వెళితే "నువ్వెందుకు లేచావయ్యా, చానా నీరసంగా ఉంటది, పోయి పడుకో" అని వెనక్కి పంపేవారు. పెద్దల మాట తీసెయ్యడం నాకు అలవాటు లేదు.

ఆదివారం పొద్దున కళకళలాడే మొహంతో బండి బయటికి తీశాను. పిన్ని అడ్డం వచ్చింది.

"ఏమే అమ్మాయ్, ఒంట్లో బాగోని మనిషి చేత బండి తోలిస్తావా? చూసినోళ్ళు నిన్నేమంటారే?"

మా ఆవిడ నా చేతిలోంచి తాళం తీసుకుంది. "వెనక్కి జరగండి. మీ బండి ఎక్కనన్నాను గానీ, మిమ్మల్ని ఎక్కించుకోనని అనలేదు."

వారమంతా నిద్రపోయి నేను సంపాదించింది వెనక సీటు.

ఊరు దాటకముందే మళ్ళీ అదే గేటు పడింది. ఆవిడ ఇంజను ఆపింది. జలపాతం దగ్గర ఇంట్లోంచి తెచ్చిన పులిహోర ఎక్కడ కూర్చుని తినాలో చెబుతూ, మధ్యలో ఆగిపోయింది. ముందుకు వంగి చూశాను. హ్యాండిల్ మీద చేతులు, చేతుల మీద తల.

రైలు వెళ్ళింది. గేటు లేచింది. వెనక ఆటోలవాళ్ళు మొదలుపెట్టారు. నేను రెండు కాళ్ళూ నేలకు గట్టిగా ఆనించి, బండి కదలకుండా పట్టుకుని, వెనక్కి తిరిగాను.

"అరవమాకండి," అన్నాను, పిన్ని కంటే చాలా చిన్న గొంతుతో. "మా ఆవిడకి ఒంట్లో బాలేదు."